పన్నెండో పలక

మార్చి 4

ప్రియమైన వదినకు,

ఫోనులో మాట్లాడితే మీకు సగం వినపడదు, మిగతా సగం మీరు వినరు. అందుకే రాస్తున్నాను.

నా ఆరోగ్యం బాగుంది. వంట చేసుకుంటున్నాను. మీరు అడగబోయేవి ఈ రెండే కనుక ముందే చెప్పాను.

మీ చెల్లెలు పోయి ఐదు నెలలైంది. పోయిన నెల నుంచి యుద్ధ స్మారక వనంలో ఆమె చేసిన పనే నేను చేస్తున్నాను. వాలంటీరు గైడు. ఆమె ఏడో నంబరు బ్యాడ్జి నాకే ఇచ్చారు. దాని పిన్ను వంకర. పద్నాలుగేళ్లు ఆమె దాన్ని ఎలా పెట్టుకుందో తెలియదు. మొదటి రోజే నా చొక్కా చిరిగింది.

పని కష్టమైంది కాదు. తొమ్మిదింటికి గేటు దగ్గర పదిహేను మందిని పోగుచేస్తారు. ముందు ఫిరంగి, తర్వాత కందకం, చివర గోడ. గోడకి పద్నాలుగు రాతి పలకలు, నాలుగు వందల పదమూడు పేర్లు. మొత్తం యాభై నిమిషాలు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, యాభై నిమిషాలు మాట్లాడగలను. వినేవాళ్లతోనే తంటా. ఫిరంగి మీద గుర్రమెక్కినట్టు కూర్చుంటారు. నిన్న ఒకాయన కందకంలోకి దిగి, "ఇక్కడ ఫ్యాన్లు పెట్టించొచ్చు కదండీ, ఉక్కగా ఉంది" అన్నాడు. "పెట్టిస్తాం. ముందు మీరు ఒక వారం ఇందులో ఉండి చూపించండి" అన్నాను. ఆయన వెళ్లి సెక్రటరీకి ఫిర్యాదు చేశాడు.

సెక్రటరీ నన్ను పిలిచి, "మాస్టారూ, జనం సరదాగా వస్తారు. మీరు పరీక్ష పెడుతున్నారు" అన్నాడు.

"పేర్లు చదవడానికి సరదాగా ఎందుకొస్తారు?" అన్నాను. దానికి ఆయన టీ తెప్పించాడు. తాగకుండా వచ్చేశాను.

అసలు విషయం ఇది. గోడ రాళ్లు పెచ్చులూడుతున్నాయి. కొత్త రాయి తెప్పించి పేర్లన్నీ మళ్లీ చెక్కిస్తున్నారు. ఒక్కో గైడుకి ఒక్కో పలక అప్పగించారు. ఆ పలక మీది పేర్లకి కాగితాలు సరిగా ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టాలి. పన్నెండో పలక ఆమెది. ఇప్పుడు నాది. మీ తమ్ముడి పేరు ఉన్నది దాని మీదే.

మొదటి వారమే ఒక దొంగ పేరు దొరికింది. పాత మరమ్మతు చేసిన కాంట్రాక్టరు తన మామగారి పేరు చెక్కించాడు. ఆ మామగారు యుద్ధం అయిన పదేళ్లకి సొంత మంచం మీద పోయాడు. నేను ఊరుకోలేదు. కమిటీలో నిలబడి నియమం రాయించాను. మాటలు నావే: "పోరాడుతూ మరణించినట్టు కాగితం ఉన్నవారి పేరు మాత్రమే చెక్కాలి. కనపడుట లేదు అన్న కాగితం చాలదు." ఒప్పుకున్నారు. ఆ మామగారు గోడ దిగాడు.

మీ తమ్ముడి ఫైలులో బెటాలియన్ వాళ్లు ఇచ్చిన "కనపడుట లేదు" కాగితం ఒక్కటే ఉంది. ముందు వరసలో పోయాడని తర్వాత వచ్చిన కాగితం అక్క దగ్గర ఉందని ఆమె అంటుండేది. దాన్ని పంపండి. మే పది ఆఖరు తేదీ.

మీ మరిది

•

మార్చి 19

మా లెక్కల మరిదిగారికి దీవెనలు.

ఉత్తరం అందింది. పేపరు దిద్దినట్టు రాస్తారు మీరు. చివర ఎన్ని మార్కులు వేశారా అని కాగితం తిప్పి చూశాను.

వంట చేసుకుంటున్నానని రాశారు. ఏం వండుకుంటున్నారో రాయలేదు. ముప్పై ఏళ్లు ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేశాను, "తిన్నానండీ" అన్న ముఖం చూస్తే తిన్నారో లేదో చెప్పేస్తాను. ఉత్తరం చూసినా చెప్పగలను. మీరు సరిగా తినడం లేదు. కోపం తిని బతుకుతున్నారు.

నా గది సంగతి ఏముంది. కింద మందుల షాపు వాడు షట్టరు దించినప్పుడల్లా నా మంచం ఊగుతుంది. చెవుడు వచ్చాక అదొక్కటే నాకు గడియారం. మోకాళ్లు చెప్పిన మాట వినడం లేదు. కాగితాల ట్రంకు మంచం కింద ఉంది. వంగితే లేవలేను, లేస్తే వంగలేను. ఎవరైనా వచ్చినప్పుడు లాగిస్తాను. తొందరపెట్టకండి.

ఒక మాట అడుగుతాను. "కనపడుట లేదు" అని ఉన్నవాళ్లు గోడ మీద ఎంతమంది ఉన్నారు? వాళ్ల ఇళ్లల్లో ఇంకే కాగితమూ లేకపోతే ఏం చేస్తారు? నలభై ఏళ్ల నాటి కాగితాలు ఎవరు దాచుకుంటారు మరిదిగారూ? కాంట్రాక్టరు మామగారిని దింపారు, బాగానే ఉంది. ఆ ఊపులో ఇంకెవర్ని దింపుతారు?

చెల్లి అక్కడ అన్నేళ్లు పనిచేసింది. ఏనాడూ ఎవరినీ కాగితం అడిగినట్టు నాకు చెప్పలేదు. ఊరికే అంటున్నాను.

చొక్కా కుట్టించుకోండి.

మీ వదిన

•

ఏప్రిల్ 9

ప్రియమైన వదినకు,

మీరు అడిగిన లెక్క: నా పలక మీద "కనపడుట లేదు" వాళ్లు ముగ్గురు. ఇద్దరి ఇళ్ల నుంచి కాగితాలు వచ్చాయి. మిగిలింది మీరు.

ఇంకొక పేరు తీయించాను. అతను సైన్యంలో వంటవాడు. ముందు వరసకి నలభై కిలోమీటర్ల వెనక, గుడారంలో, జ్వరంతో పోయాడు. కాగితంలో స్పష్టంగా ఉంది. పోరాడుతూ కాదు. రాసి ఇచ్చాను, కమిటీ ఒప్పుకుంది.

మంగళవారం అతని కూతురు వచ్చింది. బస్టాండు వెనక సందులో టైలరింగ్ షాపు ఆవిడది. నేను జనాన్ని గోడ దగ్గరికి తెచ్చేసరికి అక్కడ నిలబడి ఉంది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

"మీరేనా మాస్టారు?" అంది.

"నేనే."

"మా నాన్న పేరు కొట్టేశారట."

"నేను కొట్టలేదమ్మా. నియమం కొట్టింది."

"నియమం ఎవరు రాశారు?"

"నేనే."

"అయితే మీరే కొట్టారు. దానికి ఇంత చుట్టు తిరగడం ఎందుకు?"

పదిహేను మంది చూస్తున్నారు. ఆవిడ వాళ్ల వైపు తిరిగింది. "మా నాన్న మూడు వందల మందికి వండాడండీ. ఒళ్లు కాలిపోతుంటే కూడా గరిటె వదల్లేదు. ఆయన వండింది తినే వెళ్లి పోరాడారు వీళ్లంతా. తిన్నవాళ్ల పేర్లు ఉన్నాయి. పెట్టినవాడి పేరు తీసేశారు ఈయన."

"జ్వరం ఇంట్లో ఉన్నా వస్తుంది" అన్నాను.

ఆవిడ మెడలోని టేపు తీసి, చేతికి చుట్టుకుంటూ వెళ్లిపోయింది. జనంలో ఒకాయన "పాపం" అన్నాడు. "పాపం అని రాతి మీద చెక్కలేం" అన్నాను. ఆ రోజు గోడ దగ్గర నేను చెప్పింది ఎవరూ వినలేదు.

నేను అన్నది తప్పు కాదు. నియమం ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా ఉంటే అది నియమం కాదు. అలా వదిలేసుకుంటూ పోతే రేపు గోడంతా మామగార్లే ఉంటారు.

మీ చెల్లెలు ఎవరినీ కాగితం అడగలేదన్నారు. నిజమే. ఆమెకి జాలి ఎక్కువ. ఆ పని ఎవరో ఒకరు చేయాలి కదా.

ట్రంకు లాగించండి. షాపు వాణ్ణి పిలిస్తే రెండు నిమిషాల పని.

మీ మరిది

•

ఏప్రిల్ 17

మరిదిగారికి,

ట్రంకు తీయించాను. చెదలు పట్టింది. ఆ కాగితం పోయింది. బెటాలియన్‌కి అదీ ఇదీ అని మళ్లీ రాసి మీరు శ్రమపడకండి. ఇన్నేళ్లు ఉన్న పేరు, ఇక మీదా ఉంటుంది. చెల్లిని అక్కడ అందరూ మేడమ్ అనేవాళ్లు కదా, మేడమ్ గారి అన్నయ్య అంటే మీ సెక్రటరీ కాదంటాడా?

ఆ టైలరమ్మతో అన్న మాట బాగాలేదు.

మీ వదిన

•

ఏప్రిల్ 29

వదినకు,

మీరు వద్దన్న మర్నాడే బెటాలియన్‌కి రాశాను. జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"పది రోజుల సెలవుపై వెళ్లి, గడువు ముగిసినా తిరిగి హాజరు కాలేదు. కనపడుట లేదు. పారిపోయినవారి జాబితాలో చేర్చబడినది. యుద్ధం ముగిసిన పిమ్మట ఫైలు మూసివేయబడినది."

దీని అర్థమేమిటి?

ఆమె నాకు చెప్పింది వేరు. సెలవు మీద వచ్చాడు, తిరిగి వెళ్లాడు, యుద్ధం ఆఖరి వారంలో ముందు వరసలో పోయాడు. ముప్పై ఎనిమిదేళ్లు అదే విన్నాను. రెండు నెలలుగా రోజుకి మూడుసార్లు అదే గోడ ముందు నిలబడి జనానికి చెబుతున్నాను. ముక్కూ మొహం తెలియని వాళ్లకి వేలు పెట్టి ఆ పేరు చూపిస్తున్నాను.

చెదలు సంగతి నేను నమ్మలేదు. చెదలు ట్రంకులో ఒక్క కాగితాన్ని వెతికి తినవు.

బెటాలియన్ వాళ్లది తప్పయితే వాళ్లతో తేల్చుకుంటాను. మీరు దాచింది ఏదైనా ఉంటే చెప్పండి. ఇంకా పదకొండు రోజులు ఉన్నాయి.

మరిది

•

మే 2

ఏమయ్యా,

ఇన్నేళ్లూ మీరు అన్నాను. ఈ ఒక్క ఉత్తరం నువ్వు అనే రాస్తాను. మర్యాద పెట్టుకుని ఇది రాయలేను.

బెటాలియన్ వాళ్లది తప్పేం లేదు. తిరిగి వెళ్లలేదు వాడు.

అమ్మ పోయాక తమ్ముణ్ణీ చెల్లినీ పెంచింది నేనని నీకు తెలుసు. చెల్లి అప్పుడు వేరే ఊళ్లో కాలేజీ హాస్టల్లో ఉంది. ఇంట్లో నేనూ వాడే. పది రోజుల సెలవు అయిపోయింది. పదకొండో రోజు పొద్దున బూట్లు వేసుకోలేదు. "అక్కా, నేను పోను" అన్నాడు. ఎందుకురా అంటే చెప్పలేదు. ఒకటికి పదిసార్లు అడిగాను. గోడకేసి చూసేవాడు. పెట్టింది తినేవాడు, వంటింటి అటక ఎక్కి పడుకునేవాడు. పంతొమ్మిది రోజులు. పక్కింటావిడ, "మీ ఇంట్లో ఎలుకలు బాగా బరువుగా నడుస్తున్నాయే" అంది, నవ్వుతూనే. ఆ సాయంత్రం నుంచి తలుపు గడియ పెట్టే ఉంచాను.

పంతొమ్మిదో రోజు నిచ్చెన కింద నిలబడి అరిచాను. నిన్ను పెంచింది అటక మీద దాచుకోవడానికా అన్నాను. అక్కడ ఉన్నవాళ్లకి అక్కలు లేరా అన్నాను. పిరికిపందా అన్నాను. నలభై ఏళ్లలో ఇంకెవర్నీ ఆ మాట అనలేదు. హాస్టల్లో ఆడపిల్లలు గోడ దూకి పారిపోయినా అనలేదు.

దిగాడు. గడ్డం గీసుకున్నాడు. యూనిఫాం నేనే ఇస్త్రీ చేశాను. నేనే స్టేషనుకి తీసుకెళ్లాను, నేనే టికెట్ కొని ఎక్కించాను. కిటికీలోంచి నా వైపు చూశాడు. మూడో స్టేషను దాటాక పట్టాల పక్కన దొరికాడు. పడ్డాడో, దూకాడో ఎవరూ చూడలేదు. రైల్వే పోలీసులు "రైలు నుంచి పడి" అని రాశారు. కాగితం ఇందులోనే పెట్టాను. చదువుకో. నీకు కాగితాలంటే ఇష్టం కదా.

వెళ్లి గుర్తుపట్టింది నేను. బెటాలియన్‌కి కబురు చేయలేదు. ముందు వరసలో పోయాడని చెల్లికి ఉత్తరం రాసిందీ నేనే. మూడేళ్లకి గోడ కట్టేటప్పుడు గుమాస్తా ఇంటింటికీ వచ్చాడు. బెటాలియన్ వాళ్లు పంపిన "కనపడుట లేదు" కాగితం చేతికిచ్చాను. ఆయన "అయ్యో" అని రాసుకున్నాడు. నేను నోరు తెరవలేదు. తెరవాల్సింది.

ఇంకొకటి. చెల్లికి తెలుసు. పద్నాలుగేళ్ల క్రితం నా మోకాలి ఆపరేషనుకి తోడు వచ్చినప్పుడు ట్రంకు తెరిచింది. చదివి, సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చుంది. ఇక నా మొహం చూడదనుకున్నాను. లేచి వచ్చి, "నువ్వు రాయించావు అక్కా. నేను కాపలా కాస్తాను" అంది. ఆ మరుసటి నెలే మీ వనంలో చేరింది.

నీకు చెప్పమన్నాను. ఒట్టు, చెప్పమన్నాను. ఏమందో తెలుసా? "ఆయనకి చెబితే మర్నాడే వెళ్లి సరిచేయిస్తారు. మంచి మనిషి అక్కా. అదే నా భయం" అంది.

ఇప్పుడు నీ దగ్గర కాగితమూ ఉంది, సంతకమూ ఉంది. ఏం చేస్తావో చెయ్యి. వాడి పేరు అక్కడ ఉంటేనే నేను ఇన్నాళ్లూ తల ఎత్తుకుని తిరిగాను. నీకు దణ్ణం పెడుతున్నాను. ఈ ఒక్కసారికి చూడనట్టు ఉండు.

అక్క

•

మే 21

వదినకు,

జవాబు ఆలస్యమైంది. నాలుగు రోజులు కోపంతో ఏ పనీ చేయలేదు. మీ మీద కోపం. ఆమె మీద ఇంకా ఎక్కువ. పద్నాలుగేళ్లు పక్కన కూర్చుని టీ తాగుతూ, ఇవాళ జనం ఎక్కువ, ఇవాళ ఎండ ఎక్కువ అని చెప్పింది. ఇది చెప్పలేదు. అడుగుదామంటే లేదు.

తర్వాత నన్ను నేను ఒక ప్రశ్న వేసుకున్నాను. చెప్పి ఉంటే ఏం చేసేవాణ్ణి? మర్నాడు కాదు, ఆ సాయంత్రమే వెళ్లేవాణ్ణి. ఆమె నన్ను సరిగ్గానే లెక్కగట్టింది. వంటవాడి విషయంలో నేను చేసింది చూస్తే తెలుస్తోంది.

మే పదిన కాగితం తీసుకుని సెక్రటరీ గదికి వెళ్లాను. చదివాడు. మడిచి నాకే ఇచ్చాడు.

"మాస్టారూ, దీన్ని మీరు చూపించలేదు, నేను చూడలేదు. ఫైలులో పాత బెటాలియన్ కాగితం ఉంది, మన వాళ్ల విషయంలో అది చాలదని ఎవరూ అడగరు. మీరు సంతకం పెట్టండి, చాలు. మేడమ్ గారి అన్నయ్య పేరు లేకుండా గోడ ఏమిటి? ప్రారంభం రోజు మేడమ్ ఫోటో కూడా పెడుతున్నాం."

"మరి వంటవాడి సంగతి?"

"ఆయన వేరు."

"ఎలా వేరు?"

"ఆయనకెవరున్నారండీ, ఆ టైలరమ్మ తప్ప?"

మీరు అడిగింది కూడా ఇదే. చూడనట్టు ఉండమన్నారు. సంతకం పెడితే ఎవరికీ తెలిసేది కాదు. పెన్ను తీశాను కూడా. వదినా, మీ కోసం కాకపోయినా ఆమె కాపలా కోసం పెట్టేవాణ్ణే. ఆయనకెవరున్నారు అన్న మాట సెక్రటరీ అనకుండా ఉంటే పెట్టి ఉండేవాణ్ణి.

అక్కడి నుంచి టైలరింగ్ షాపుకి వెళ్లాను. మిషను మీద ఉంది. తల ఎత్తలేదు.

"ఏం మాస్టారూ, ఇంకేం కాగితం కావాలి? మా నాన్నకి జ్వరం చూసిన థర్మామీటరు తెమ్మంటారా?"

"నేను అన్న మాట తప్పు" అన్నాను. కాగితం ఆవిడ బల్ల మీద పెట్టాను. మీ తమ్ముడి సంగతి చెప్పాను. "ఇది మీ దగ్గర ఉంచుకోండి. కమిటీ ముందు పెడితే మా పేరూ పోతుంది. పెట్టే హక్కు మీకుంది" అన్నాను.

చదివింది. మిషను ఆగిపోయింది. తర్వాత కాగితం నా మీదికే విసిరింది.

"మీ బరువు దించుకోవడానికి నా బల్లే దొరికిందా? మీ వాడి పేరు పోతే నాకేం వస్తుంది? పిల్లాడు భయపడ్డాడు, పోయాడు. యుద్ధం లేకపోతే పోయేవాడా? మా నాన్న పోయేవాడా? మా నాన్న పేరు పెట్టించండి. మీ వాడిది ఉంచండి. అది చేతకాకపోతే షాపులోంచి దిగండి, జనం ఉన్నారు."

షాపులో ఎవరూ లేరు. అయినా దిగాను.

ఆ మధ్యాహ్నం కమిటీ కూర్చుంది. ఆవిడ కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. నేను లేచి రెండు కాగితాలూ చదివాను, జ్వరం కాగితం, రైలు కాగితం. నియమంలో "పోరాడుతూ" అన్న మాట కొట్టేయమన్నాను. యుద్ధం వల్ల పోయినవాళ్లందరికీ ఒకే గోడ అన్నాను. ఒక సభ్యుడు, "ఇవాళ వంటవాడు, పారిపోయినవాడు. రేపు గాడిదలు తోలినవాడు కూడా వస్తాడు" అన్నాడు. "రానివ్వండి" అన్నాను. ఇంకొకాయన నవ్వి, "నియమం బాగుంది మాస్టారూ. మీరే కదా రాశారు" అన్నాడు.

చేతులెత్తించారు. నియమం నిలిచింది. కాగితం బయటికి వచ్చాక సెక్రటరీ కూడా చూడనట్టు ఉండలేకపోయాడు. రెండు పేర్లూ పోయాయి.

అప్పుడు నేను వాళ్లని అన్న మాటలు ఇక్కడ రాయను. ముప్పై ఏళ్లలో ఏ విద్యార్థినీ అలా అనలేదు. బ్యాడ్జి అక్కడే తీసేసుకున్నారు.

మీ తమ్ముడి పేరు పోగొట్టింది నేను. చూడనట్టు ఉండలేకపోయాను.

మరిది

•

జూలై 16

మరిదిగారికి,

మీ ఉత్తరం చదివి ముక్కలు చేశాను. రెండు నెలలు మీకు రాయకూడదనుకున్నాను, రాయలేదు. మంచం మీద పడుకుని, మందుల షాపు షట్టరు ఊపుతుంటే, మిమ్మల్ని తిట్టుకున్నాను. నాకు తెలిసిన తిట్లు అయిపోతే హాస్టల్ పిల్లల దగ్గర విన్నవి తిట్టాను.

శుక్రవారం మీ ఊరు వచ్చాను. మీకు చెప్పలేదు. కొత్త గోడ తెరిచారని పేపర్లో చూశాను. ఉందేమో, మీరు అబద్ధం రాశారేమో అని ఒక ఆశ. మీరు అబద్ధం రాయరని తెలిసీ.

టికెట్ కొని జనంలో నిలబడ్డాను. కొత్త గైడు చిన్న పిల్ల, బట్టీ కొట్టింది చెప్తోంది. మధ్యలో మరిచిపోతే మొదటి నుంచీ అందుకుంటోంది. ఫిరంగి అయింది, కందకం అయింది, గోడ దగ్గరికి వచ్చాం. పన్నెండో పలక వెతుక్కుని వెళ్లాను. ఖాళీ అయినా ఉంటుందనుకున్నాను మరిదిగారూ. అదీ లేదు. పేర్లు దగ్గరికి జరిగాయి. వాడు పుట్టనే లేదన్నట్టుంది.

రాయి మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాను. పక్కన ఒకాయన, "మీ వాళ్లెవరైనా ఉన్నారామ్మా?" అన్నాడు.

"మా తమ్ముడు" అన్నాను.

"ఎక్కడుంది పేరు?"

"లేదు."

"అదేం? ఎందుకు లేదు?"

ఇన్నేళ్లూ ఎవరడిగినా గోడ మీద ఉన్నాడు అనేదాన్ని. అక్కడితో అడిగేవాళ్ల నోళ్లు మూతపడేవి. నాది కూడా. చూపించడానికి ఇప్పుడు ఏమీ లేదు. చెప్పాల్సి వచ్చింది. చెవిటిదాన్ని కదా, ఎంత గట్టిగా చెప్తున్నానో నాకు తెలియదు. అందరూ తిరిగి చూశారు. అటక, ఇస్త్రీ, స్టేషను, అన్నీ చెప్పాను. పిరికిపందా అన్నానని కూడా చెప్పాను.

ఆయన నా చెవి దగ్గర నోరు పెట్టి, "మీరు చేసింది తప్పేనమ్మా" అన్నాడు.

"అవును" అన్నాను. అది విని కూడా బతికే ఉన్నాను.

అంతలో వెనక నుంచి ఒకావిడ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. మెడలో టేపు. "మీరేనా ఆ మాస్టారి వదిన? జరగండి, ఇప్పుడు నా వంతు" అని వాళ్ల నాన్న సంగతి అందుకుంది. శుక్రవారం శుక్రవారం ఇదే చెప్పడానికి వస్తుందట. మీరూ వస్తారట కదా, బ్యాడ్జి లేకుండా టికెట్ కొని. ఆ రోజు మీకు జ్వరమని చెప్పింది. గైడు పిల్ల ఈల ఊదింది. ఎవరూ కదల్లేదు. పాపం, అది కూడా ఊదడం మానేసి వింది.

మీ ఇంటి మలుపు దాకా వచ్చాను. తలుపు తీస్తే కొడతానని భయమేసి వెనక్కి వెళ్లిపోయాను.

క్షమించానని అనుకోకండి. మీరు సంతకం పెట్టి ఉంటే నేను ఈపాటికి ప్రశాంతంగా చచ్చిపోయేదాన్ని. వచ్చే శుక్రవారం మళ్లీ వస్తున్నాను.

జ్వరం తగ్గిందా?

వదిన

•

జూలై 19

ప్రియమైన వదినకు,

తగ్గింది.

రెండు బస్సులు మారకండి. ఏడున్నరది తిన్నగా వస్తుంది. ఎడమ వైపు కూర్చోండి, ఎండ రాదు. నేను స్టాండులో ఉంటాను.

సెక్రటరీ గేటు దగ్గర కొత్త బోర్డు పెట్టించాడు. "గుర్తింపు లేని వ్యక్తుల మాటలు వినవద్దు" అని. అది చదివి జనం లోపలికి రాగానే, ఆ గుర్తింపు లేనివాళ్లు ఎక్కడ అని అడుగుతున్నారు. టైలరమ్మకి ఇప్పుడు కొలతలు తీయడానికి తీరిక లేదు.

మీ చెల్లెలు కాపలా కాసిన పద్నాలుగేళ్లూ ఆ పేరు ఉంది. నా చేతికి వచ్చిన మూడు నెలల్లో పోయింది. ఈ మాట మీరు ఇంతవరకూ నా మొహం మీద అనలేదు. శుక్రవారం అనండి. అవును అంటాను.

దారిలో కోపం చల్లార్చుకోకండి. అలాగే రండి. నాదీ చల్లారలేదు. గోడ దగ్గర రెండూ పనికొస్తాయి.

మీ మరిది